శుక్రవారానికల్లా తగ్గవలసిన దురద

ఆగస్టు 18, సోమవారం

అధ్యక్షా! నాపై మోపిన అభియోగం ఇది: బ్లెస్సీ అనబడే నేను ప్రతి విషయాన్నీ పెంచి చెబుతాను.

మోపినవాడు మా అన్నయ్య యేసుకుమార్. స్థలం, భవానీపురంలో మా వంటింటి గడప. సందర్భం, స్కిన్ డాక్టరు రామతులసి గారి దగ్గర నా దురదకు పదికి తొమ్మిది వేసుకున్నానని అమ్మ ఇంట్లో చెప్పడం.

"తొమ్మిదా! దీని తొమ్మిదంటే మామూలు మనుషులకి మూడమ్మా. మొన్న చారులో ఉప్పెక్కువైతే బంగాళాఖాతం అనలా?"

నా ఖండన: ఆ రోజు చారు బంగాళాఖాతమే. కొండపల్లిలో పవర్ స్టేషను షిఫ్టు దిగి వచ్చిన నాన్న అన్నం ముందు కూర్చొని రెండు చెంబుల నీళ్ళు తాగారు. అంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక అసలు సంగతి. చిన్నప్పుడు నాకు ఎగ్జిమా ఉండేది. ఇంటర్లో మాయమైంది. డిగ్రీ మూడో ఏట, నేను కాలేజీ డిబేటు జట్టుకు నాయకురాలినైన వెంటనే, ఓడిపోయి కక్ష పెంచుకున్న ప్రతిపక్షంలా తిరిగి వచ్చింది. మోచేతి మడతలు, మోకాళ్ళ వెనక, మెడ. పూతమందు రాస్తున్నాను. రాసిన చోటే గోకుతున్నాను.

డాక్టరు గారు అడిగింది ఒక్కటే ప్రశ్న. "గడిచిన రోజంతటిలో దురద బాగా ఎక్కువైనప్పుడు ఎంత? సున్నా అంటే అసలు లేదు. పది అంటే నువ్వు ఊహించగలిగినంత ఘోరం."

నేను అభ్యంతరం లేవనెత్తాను. "ఊహకు హద్దు లేదు కదా మేడమ్! ఊహాశక్తి తక్కువున్న పేషెంటు తేలిగ్గా పది వేసేసుకుంటుంది. నాలుగు పుస్తకాలు చదివిన పాపానికి నేను ఎప్పటికీ పది అందుకోలేను. ఇది న్యాయమా?"

"అమ్మా, బయట ఇరవై మంది ఉన్నారు. అంకె చెప్పు."

"తొమ్మిది."

"చర్మం చూసి దురద ఎంతో చెప్పలేం, రెండూ ఒకటి కాదు. రోజూ సాయంత్రం ఇలాగే ఒక అంకె రాసుకో. నాలుగు వారాల తర్వాత పట్టుకురా. ఈ పూతమందు చాలుతోందా, లైట్ ట్రీట్‌మెంటుకు వెళ్ళాలా అన్నది వాటిని చూసే చెబుతాను."

లైట్ ట్రీట్‌మెంటు! ఒక ప్రత్యేకమైన దీపం ముందు నిలబడితే దురద తగ్గుతుందట. నాకు అది కావాలి. రాత్రి నిద్ర కావాలి. పొట్టి చేతుల కుర్తా వేసుకొని వేదిక ఎక్కాలి. వచ్చే నెల పదకొండున డిబేటు ఫైనల్.

కనుక ప్రతిజ్ఞ. ఒకటి: రోజూ నిజమైన అంకె రాస్తాను. బేరం లేదు, మొహమాటం లేదు, ఏ ఒత్తిడికీ లొంగను. రెండు: గోక్కోను.

పది గోళ్ళూ కత్తిరించాను. చరిత్ర మొదలైంది!

ఆగస్టు 19

ఎనిమిది.

నిర్వచనం లేని చర్చ కోడిపందెం. కాబట్టి కొలమానం నిర్మించాను.

రెండు: పుస్తకం చదువుతూ మరచిపోగలిగినది.
నాలుగు: ప్రకాశం బ్యారేజీ మీద ఎండలో బస్సు ఆగిపోతే మెడ మీద మొదలయ్యేది.
ఆరు: లెక్చరరు పాఠం చెబుతుండగా మోచేతిని బెంచీ అంచుకు రాయించేది.
ఎనిమిది: ఎదుటివాళ్ళ వాదన వినిపించనివ్వనిది.
తొమ్మిది: అర్ధరాత్రి గోక్కోవడానికి దువ్వెన కోసం లేపేది.
పది: సూత్రరీత్యా ఖాళీగా ఉంచబడింది.

అన్నయ్యకు చూపించాను. "ఏడు ఎక్కడ?" అన్నాడు. పరిశీలనలో ఉందన్నాను.

ఆగస్టు 20

ఎనిమిది. రోజంతా ఒక్కసారి కూడా గోక్కోలేదు!!

వివరణ: గోక్కోవడం అంటే గోటితో చేసే పని. మాటలోనే గోరు ఉందని నా వాదన. నిరుడు ఉత్తమ వక్తగా నాకు బహుమతిగా వచ్చిన కొండపల్లి చెక్క ఏనుగు బల్ల మీద ఉంది. అంబారీ ఏనుగు, తొండం ముందుకు చాచి ఉంటుంది. మోకాలి వెనక మడతలో ఆ తొండం సరిగ్గా ఇముడుతుంది. తొండానికి గోరు లేదు.

ప్రతిజ్ఞకు భంగం కలగలేదని తీర్మానించడమైనది.

ఆగస్టు 22, శుక్రవారం

ఎనిమిది. కాని ఇవాళ ఒక రాజ్యాంగ సంక్షోభం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా వీధి ఆడవాళ్ళ గృహ ప్రార్థన. ఈసారి మా ఇంట్లో. చాపలు పరిచి, టీ పెట్టి, పాటలయ్యాక ఎవరి భారం వాళ్ళు చెబుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. భారం తీరినవాళ్ళు తర్వాత ఒక శుక్రవారం లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. ఒకరికి అల్లుడి ఉద్యోగం, ఒకరికి మోకాళ్ళ నొప్పి. అమ్మ వంతు వచ్చింది.

"మా బ్లెస్సీకి దురద ఎనిమిదండీ. సోమారం తొమ్మిది. పదికి."

పద్నాలుగు మంది ఒక్కసారిగా అయ్యో అన్నారు. మార్కులు తెలిసిన జబ్బు ఈ చాప మీదికి రావడం ఇదే మొదటిసారి. షుగరుకు కూడా ఇంత గౌరవం దక్కలేదు.

కూటం పెద్ద శౌరమ్మ ఆంటీ కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఎదురింట్లో ఉంటారు. ఆవిడ ప్రార్థిస్తే ఫ్యాను చప్పుడు వినపడదు.

"ఎనిమిదేంటమ్మా, ఆడపిల్లకి! వచ్చే శుక్రారానికల్లా ఇది తగ్గాలంతే. నేను బుధవారం ఉపవాసం ఉంటా. అంకె నాకు రోజూ చెప్పు తల్లీ. ఎక్కడిదాకా వచ్చిందో తెలవాలి గదా, పట్టుబట్టి అడగాలంటే."

నా దురద నా ఆంతరంగిక వ్యవహారమని లేచి చెప్పబోయాను. ఆవిడ అప్పటికే నా తల మీద చెయ్యి పెట్టారు. కొబ్బరినూనె వాసన వేసే, వెచ్చటి, బరువైన చెయ్యి. నా వాదన ఆ చేతి కింద ఉండిపోయింది.

ఆగస్టు 23

గేటు దగ్గర. కాలేజీకి వెళుతూ ఉండగా.

"ఎంతమ్మా ఇయ్యాళ?"

"ఎనిమిదే ఆంటీ."

ఆవిడ ముఖం చూడాలి. ఫలితాల బోర్డులో కొడుకు నంబరు కనపడని తల్లిలా.

"...ఏడూ ఎనిమిదికి మధ్యలో ఆంటీ."

"స్తోత్రం! మొదలైంది చూశావా?"

ఏడున్నర అంటే, అర కొట్టేస్తే ఏడు. ఏడు.

ఆగస్టు 27, బుధవారం

ఆంటీ ఉపవాసం. వయసు అరవై ఎనిమిది. మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నాకేం ఇబ్బంది లేదమ్మా. ఎంతకొచ్చింది?"

అధ్యక్షా, ఈ రాష్ట్రంలో నేను ఎదుర్కోని కాలేజీ లేదు. గుంటూరు జట్టు నాయకుడు నా రెండో ప్రశ్నకు నీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు. కాని పొద్దున్నించి నా మోచేతుల కోసం మంచినీళ్ళు ముట్టని మనిషి ఎదుట నిలబడి "నిన్నటికన్నా ఎక్కువైందండీ" అని చెప్పే శిక్షణ నాకు ఏ పోటీ ఇవ్వలేదు.

"ఐదు ఆంటీ."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నేను ఇంట్లోకి వచ్చి ఏనుగును తీసుకున్నాను.

ఐదు.

ఆగస్టు 29, శుక్రవారం

ఐదు. చాప మీద చప్పట్లు.

ఇంటికి వచ్చాక అన్నయ్య నా పక్కనే కూర్చొని పకోడీ తింటూ: "నేనన్నానా? మొదట్నించీ మూడే. నెమ్మదిగా నిజంలోకి దిగుతోంది."

సెప్టెంబర్ 1

నాలుగు.

తలెత్తబోయే అభ్యంతరాలకు ముందస్తు జవాబులు:

ఆంటీకి ఒక అంకె, డైరీకి ఒక అంకె ఉంచవచ్చు కదా అని అడగవచ్చు. ఉంచరాదు. ఒకే వక్త రెండు మాటలు మాట్లాడితే ప్రతిపక్షం పట్టుకుంటుంది. బయట చెప్పిన మాటకు లోపల కట్టుబడి ఉండడం వ్యక్తిత్వం.

నాలుగు అబద్ధం కదా? కాదు. ఇవాళ ఏదో ఒక క్షణంలో దురద నాలుగు ఉండే ఉంటుంది. ఎనిమిదికి ఎక్కేటప్పుడు దారిలో నాలుగు తగలకుండా ఎలా ఉంటుంది?

డాక్టరు గారు బాగా ఎక్కువైనప్పటి సంగతి కదా అడిగింది? ఈ ప్రశ్నకు సమయం మించిపోయింది.

సెప్టెంబర్ 3

కీర్తన, నా జట్టులో రెండో వక్త, లైబ్రరీలో నా నిండు చేతుల కుర్తా చెయ్యి పైకి లాగి చూసింది. మంగళగిరి నేత, ముదురు ఎరుపు. ఎరుపు ఎందుకు ఎంచుకున్నానో ఆమెకు అర్థమైంది.

"ఏంటే ఇది? నాలుగన్నావ్?"

"నాలుగు అనేది ఒక సామూహిక నిర్ణయం."

"మీ ఇంట్లో ఓటింగు పెట్టారా?"

మాట మార్చాను. ఫైనల్ అంశం వచ్చింది: "కొలవలేని దానిని నమ్మనక్కరలేదు." మాకు అనుకూల పక్షం. ఇంతకన్నా సులువైనది దొరుకుతుందా!

సెప్టెంబర్ 5, శుక్రవారం

మూడు.

శౌరమ్మ ఆంటీ స్వయంగా లేచి సాక్ష్యం చెప్పారు. తొమ్మిది నుంచి మూడుకు. అంకెల్ని వేళ్ళ మీద మడిచి చూపించారు. అమ్మ ఏడ్చింది. సంతోషంతో. వెనక వరసలో ఒకావిడ తన కోడలికి కూడా చర్మం బాగాలేదనీ, నన్ను చూశాక ధైర్యం వచ్చిందనీ అన్నారు.

నేను చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఒక చెయ్యి రెండో చేతిని పట్టుకొని ఉంది.

రాత్రి అన్నం దగ్గర అమ్మ: "ఇంక మూడేగా. ఆ ఆయింట్‌మెంటు రోజు విడిచి రోజు రాస్తే చాల్లే."

నోరు తెరిచాను. ముద్ద పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 9

ఆరు, ఏడు, ఎనిమిది తేదీలు రాయలేదు. ఇప్పుడు కలిపి రాస్తున్నాను: మూడు, మూడు, మూడు. ఇవాళ్టిది కూడా మూడు. ఒకే కలంతో, ఒకే సిరాతో. ఎంత నిలకడగా ఉందో నా జబ్బు!

సెప్టెంబర్ 10

తొండం విరిగింది.

ఈ బొమ్మలకు వాడే పొనికి చెక్క మెత్తన. అంబారీలో కూర్చున్న రాజుగారు నన్ను చూస్తున్నారు. అన్నయ్య గుమ్మంలోంచి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మూడుకి ఏనుగు విరగదే, బ్లెస్సీ."

"చెక్క నాసిరకం," అన్నాను.

రెండు. (దురద సంగతి. చెక్క సంగతి కాదు.)

సెప్టెంబర్ 11

ఫైనల్. రెండో స్థానం.

సభలో ఏసీ లేదు. నిండు చేతుల కుర్తా, దీపాల వేడి, చెమట. మూడో నిమిషంలో మొదలైంది. "కొలత లేని చోట నమ్మకానికి ఆధారమేమిటి, అధ్యక్షా?" అని అడుగుతూ ఉండగా కుడి మోచేతి మడతలో నిప్పుకణిక పెట్టినట్టయింది. ఎడమచేత్తో అక్కడ పట్టుకున్నాను. వదిలితే గోకుతాను, గోకితే మాట పోతుంది. చివరిదాకా అలాగే పట్టుకొని నిలబడ్డాను.

ప్రతిపక్షపు అమ్మాయి ఏదో మంచి ప్రశ్నే వేసిందట. నాకు వినపడలేదు. నా కొలమానం ప్రకారం అది ఎనిమిది.

న్యాయనిర్ణేత వ్యాఖ్య: "వాదన పదునుగా ఉంది. అయితే వక్త ఆద్యంతం చెయ్యి విరిగినట్టు నిలబడడంతో సభకు ఆమె ఆరోగ్యం మీద ఆందోళన కలిగింది."

బహుమతి: కొండపల్లి ఎడ్లబండి. తొండం లేదు.

గేటు దగ్గర శౌరమ్మ ఆంటీ. "గెలుపోటములు దేవుడి చేతిలో ఉన్నాయమ్మా. అంకె ఎంత?"

రెండు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

తలనొప్పి అని చెప్పి ప్రార్థనకు వెళ్ళలేదు. వచ్చే శుక్రవారానికి సున్నా అని ప్రకటించారట. మళ్ళీ మా ఇంట్లోనేనట. నా నోటితో నేనే సాక్ష్యం చెప్పాలట. అమ్మ కేసరి చేస్తుందట.

రెండు.

సెప్టెంబర్ 15, సోమవారం

డాక్టరు రామతులసి గారు నేను అంకెలు మాత్రం ఎత్తి రాసుకెళ్ళిన పేజీలు తిప్పారు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఐదు, నాలుగు, మూడు, రెండు. మెట్లు దిగినంత ముచ్చటగా ఉంది.

"చాలా బాగుందే. చేతులు చూపించు."

చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది రెండా?"

"చర్మాన్నీ దురదనూ ఒకే గాటన కట్టలేమని మీరే అన్నారు మేడమ్. చూడ్డానికి ఎర్రగా ఉన్నా దురద తక్కువగా ఉండవచ్చు."

"అన్నాను. నీకు తక్కువగా ఉందా?"

సమాధానం సిద్ధంగా ఉంది. మూడు అంశాలతో, ఒక ఉపసంహారంతో. కాని నా కుడిచెయ్యి నా అనుమతి లేకుండా ఆవిడ కళ్ళ ముందే ఎడమ మోచేతి మీదికి వెళ్ళింది.

"ఎందుకు తగ్గించి రాశావమ్మా?"

"శౌరమ్మ ఆంటీ ఉపవాసం ఉన్నారు మేడమ్."

మొత్తం చెప్పాను. చాప, చప్పట్లు, ఎండిన పెదవులు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. తిరిగి చూసినప్పుడు మాత్రం నవ్వు లేదు.

"ఎర్రదనం నా కళ్ళకి కనపడుతుంది. పుండు కనపడుతుంది. దురద కనపడదు. దాన్ని చూసే మిషను నా దగ్గర లేదు. నువ్వు చెబితేనే నాకు తెలిసేది. మందు రోజూ రాస్తున్నావా?"

"రోజు విడిచి రోజు. రెండే కదా అని."

"చూశావా? రేపు లైట్ ట్రీట్‌మెంటు మొదలుపెట్టాననుకో. తగ్గిందో లేదో దేంతో పోల్చుకోను? ఈ రెండుతోనా? మందు రోజూ రాయి. రెండు వారాలు నిజం అంకెలు రాసుకురా. అప్పుడు మాట్లాడదాం."

నాలుగు వారాలు వృథా. గుంటూరు జట్టు కాదు, ప్రతిపక్షపు అమ్మాయి కాదు. నన్ను ఓడించింది నేను దానం చేసిన ఆరు మార్కులు.

ఎనిమిది. ఇది నిజం.

సెప్టెంబర్ 16

గేటు దగ్గర ఆంటీ. "ఎంతమ్మా?"

"శుక్రవారం చెబుతాను ఆంటీ."

"ఓహో, అందరి ముందూనా!" అని మురిసిపోయారు.

ఎనిమిది.

సెప్టెంబర్ 19, శుక్రవారం. ప్రతిజ్ఞ: మొదటి రోజు.

కేసరి ఘుమఘుమలు. పద్నాలుగు మంది రావలసిన చోట ఇరవై మంది. వెనక వరసలో ఆ కోడలు కూడా వచ్చింది, కొంగు చేతుల మీదికి లాక్కొని.

అమ్మ నా వీపు తట్టింది. లేచి నిలబడ్డాను. కుర్తా చేతులు మోచేతుల పైదాకా మడిచాను. 

"ఎనిమిది," అన్నాను.

ఎవరో స్తోత్రం అనబోయి మధ్యలో ఆగిపోయారు.

"సున్నా కాదు. రెండు కాదు. ఎప్పుడూ రెండు కాలేదు. ఆంటీ బుధవారం పస్తున్నారు. నేను మొహమాటపడ్డాను. మీరు చప్పట్లు కొట్టారు. నేను ఇంకా మొహమాటపడ్డాను. డాక్టరు గారు నా అంకెలు చూసి మందు మార్చాలి. అవి నావి కావు, మీ అందరి సంతోషానికి నేను వేసిన మార్కులు. అందువల్ల మందు మారలేదు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. శౌరమ్మ ఆంటీ తల వంచుకున్నారు. ఆవిడను అవమానించానా? 

"నా మూలంగానా తల్లీ?"

"మీ ప్రార్థన మూలంగా కాదు ఆంటీ. మీ ముఖం చిన్నబోతుందని నా భయం మూలంగా."

 ఆవిడ చాప మీద కాలు బార్లా చాపుకొని, ఇంతకుముందెప్పుడూ వినని చిన్న గొంతుతో అన్నారు:

"నిరుడు ఈస్టరుకి నా మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పానే. గుర్తుందా? పోలేదు. మీరంతా అంత ఇదిగా ప్రార్థన చేశారు, పోలేదని ఎట్టా చెప్పను? అప్పట్నించీ మెట్లెక్కేప్పుడు ఎవరైనా చూస్తన్నారేమోనని చూసుకొని మరీ కుంటుతున్నా."

ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక వరసలో కోడలు కొంగు మెల్లగా పక్కకు తీసి, "నాకు ఏడండీ," అంది. ఎవరూ అడగకుండానే. ఏడు అంటే ఏమిటో ఆమెను అడిగి తెలుసుకొని నా కొలమానంలో నింపుకోవాలి.

"అయితే ఉపవాసం మానేయాలా?" అన్నారు ఆంటీ.

"ఆ సంగతి మీకూ దేవుడికీ మధ్య. నా అంకెతో దానికి లంకె పెట్టకండి."

"రేపు పొద్దున మళ్ళా అడుగుతా. ఎంతుంటే అంత చెప్పాలి."

"మీరు కూడా. మోకాలికి. పదికి."

"నాకు మార్కులేంటే!" అన్నారు. కాని వెళ్ళేటప్పుడు మా మూడు మెట్లూ, అందరూ చూస్తుండగా, హాయిగా కుంటుకుంటూ దిగారు. గేటు దగ్గర ఆగి, "ఆరు!" అని అరిచారు.

ఇవాళ్టి అంకె: ఎనిమిది. మందు రాశాను. పది గోళ్ళూ మళ్ళీ కత్తిరించాను. ఎడ్లబండి చక్రం అంచు మోకాలి వెనక మడతకు సరిగ్గా సరిపోతుందని ఇప్పుడే గమనించాను. గమనించడం గోక్కోవడం కాదు.

అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎనిమిదేనా? నిజంగా? ఆరున్నర అనుకోవచ్చా?"

అధ్యక్షా, అభియోగానికి ఇదే నా సమాధానం. పెంచి చెబుతానని నన్ను బోనులో నిలబెట్టారు. విచారణలో తేలింది నేను తగ్గించి చెప్పానని. శిక్ష అనుభవించింది నా మోచేతులు. ఇక చాప మీద కూర్చున్నవాళ్ళారా, గేటు దగ్గర ఎదురుచూసేవాళ్ళారా, గుమ్మంలో నిలబడి మార్కులు కోసేవాడా! జాలిపడండి, ప్రార్థించండి, కేసరి పెట్టండి, మీ ఇష్టం. నేను కోరేది ఒక్కటే. నేను ఎనిమిది అన్నప్పుడు ఎనిమిదే వినండి.